ఆకు రాల్చిన పన్నెండు వేపలు

పోలీసు చర్య తర్వాతి ఎండాకాలంలో తిరుమలగిరి దారిలో పదిహేడు వేపమొక్కలు పోయాయి. రోడ్ల కచేరీ గుమాస్తాగా ఆ లెక్క రాసింది నేనే. వాటికి తోలుసంచితో నీళ్లు పోసే భిస్తీ తాత గొడవలకు భయపడి చుట్టాలింటికి వెళ్లి, రెండు నెలలకు తిరిగొచ్చాడు. అప్పటికే ఆకు లేనివన్నీ చచ్చినట్టు రాసి, పీకేయమని కాగితం పంపేశాను.

ఆయన ప్రతి మొక్క దగ్గరా ఆగి, బొటనవేలి గోటితో బెరడు గీకి చూశాడు.

"చచ్చినయ్ ఐదే బాబూ. మిగిలినయ్ ఆకు రాల్చి జాన్ దాచుకున్నయ్. జెర ఆగమని చెప్పుండ్రి."

"ఒక్క ఆకు సుత లేదు గద తాతా," అన్నాను.

"మీరు ఆకులు లెక్కవెట్టిన్రు. నేను చెట్లు లెక్కవెట్టిన."

రాసిన అంకె కొట్టేయడం నామోషీ అనిపించి ఊరుకున్నాను. మర్నాడు పదిహేడూ పీకేశారు. కుప్ప దగ్గర నేనూ గోటితో గీకి చూశాను. పన్నెండింటిలో బెరడు కింద పచ్చగానే ఉంది. తాత ఖాళీ సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ గుంతల్లో ఎవరూ చుక్క నీరు పోయకుండానే సర్కారు తుమ్మ మొలిచి కమ్ముకుంది. దాన్ని కొట్టించి ఇన్నేళ్లలో తొమ్మిది వేపలు నాటి బతికించాను. ప్రతిదాన్నీ గోటితో గీకి చూశాకే లెక్కలో వేశాను. ఇంకా మూడు బాకీ.