రెండో ప్రశ్న: భర్త పేరు

మా ప్రశ్నావళిలో మొదటి ప్రశ్న ఆమె పేరు, రెండోది భర్త పేరు. ఆ రెండూ నిమిషంలో అయిపోతాయని, అసలు పని మూడో ప్రశ్నతో మొదలవుతుందని తిరుపతిలో మాకు చెప్పి పంపారు. పలమనేరు పక్క పల్లెలో ఒక పెద్దామె దగ్గర రెండో ప్రశ్న దాటడానికి నేను మూడుసార్లు పోవాల్సి వచ్చింది.

అప్పుడు నేను విశ్వవిద్యాలయంలో ఒక ప్రాజెక్టులో పరిశోధక సహాయకురాలిని. సమాజశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, అర్థశాస్త్రం, ఈ మూడు విభాగాలూ కలిసి చేస్తున్న పని అది. ఆఫీసు కిటికీ ముందో, ఆసుపత్రి కౌంటరు ముందో, బ్యాంకు బల్ల ముందో నిలబడినప్పుడు మామూలు మనిషి ఏమైపోతాడన్నది మా విషయం. ముగ్గురు ప్రొఫెసర్లూ ఒకరి గదికి ఇంకొకరు వెళ్లడం నామోషీ అనుకునేవాళ్లు. అందుకని మూడు శాస్త్రాలూ క్యాంటీన్లో కలిసేవి. ఊళ్లు తిరిగేది మాత్రం నేను. పొద్దున్నే చిత్తూరు మీదుగా పోయే బస్సెక్కితే, మొగిలి కనుమ దాటేసరికి చల్లగాలి తగిలేది. పలమనేరులో దిగి ఆటో పట్టుకునేదాన్ని.

ఆమెకు అరవై దాటుంటాయి. రెండు ఆవులు, కాస్త టమోటా తోట. భర్త పోయి ఏడాదిన్నర. ఆయన ఆసుపత్రిలో పోయాడని పాలకేంద్రంలో చెబితే, మా విషయానికి సరిపోతుందని వెళ్లాను. ఇప్పుడు ఈ మాట రాస్తుంటే సిగ్గేస్తోంది కానీ, అప్పుడు మేం అట్లాగే మాట్లాడుకునేవాళ్లం.

భర్త పేరు అడగ్గానే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఆయప్ప పేరు నేను చెప్తానా పాపా? పక్కింట్లో అడుగు పో."

భర్త పేరు పెళ్లాం నోట వస్తే ఆయన ఆయుస్సు తగ్గుతుందని మా అవ్వ కూడా నమ్మేది. తెలియని సంగతి కాదు. అయినా బస్సుకు టైమవుతోందన్న విసుగులో నా నోరు జారింది.

"ఆయన పోయినాడు గదా పెద్దమ్మా, ఇంక తగ్గేదానికి ఆయుస్సు యాడుండాది?"

ఆమె నవ్వు ఆపేసి, ఆవుకు గడ్డి వేయడానికి లేచింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ రోజు నాకు ఆ ఊరు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

రెండోసారి పోతే కాఫీ ఇచ్చింది, టమోటా ధర గురించి చెప్పింది, పేరు మాత్రం చెప్పలేదు. మూడోసారి నేను అడగనే లేదు. రికార్డరు ఆన్ చేసి పక్కన పెట్టి, అరుగు మీద కూర్చుని ఆమెతో పాటు చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ఆమే మొదలుపెట్టింది.

"ఆ పొద్దు తోటలో పడిపోయినాడు. ఆటోలో ఏసుకోని ఆసుపత్రికి పోతి. ఆడ కిటికీలో ఉండే ఆయమ్మ, పేరేమి అనె. మా ఇంటాయప్ప అంటి. ఇంటాయనకు పేరుండదా అనె. బాగుండేటప్పుడే చెప్పకూడదు గదా పాపా, పానం మింద ఉండేటప్పుడు నా నోటితో చెప్తానా? కార్డు సూపిద్దామంటే ఇంటికాడ మర్సిపోయింటి. కూతురు ఫోను ఎత్తలా. ఆటో ఆయప్పకు మామ అనే తెలుసుగాని పేరు తెలీదు. ఎనకాల లైన్లో అందురూ అరస్తా ఉండారు. నాకేమో నోట్లోనే ఉండాది, రాలేదు."

చివరికి ఎవరి ద్వారానో కబురంది అల్లుడు వచ్చి, పేరు చెప్పాక చీటీ రాశారు. ఆ సాయంత్రమే ఆయన పోయాడు. ఇంకా ముందొచ్చినా దక్కేవాడు కాదని డాక్టరు ఆమెతో చెప్పాడట.

"ఆ డాక్టరు మంచోడు పాపా. ఎవురొచ్చినా అట్లనే చెప్తాడు" అంది.

నా చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. అరుగు మీద రికార్డరు ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. నాకు దుఃఖం వచ్చిన మాట నిజం. ఇంత మంచి ఇంటర్వ్యూ ఈ ప్రాజెక్టులో ఇంకొకటి లేదని అదే నిమిషంలో అనుకున్న మాట కూడా నిజం.

ఆమె రికార్డరు వైపు చూసింది. "ఇది పుస్తకం అవుతాదా?"

"అవుతాది పెద్దమ్మా."

"ఆయప్ప పేరు అచ్చులో వస్తాదా? ఆ పొద్దు నా నోట్లోనించి రాల్యా. పుస్తకంలోనన్నా ఉండనీ."

పేర్లు ఎక్కడా అచ్చు వేయబోమని రాసి ఉన్న కాగితం నేనే మొదటి రోజు గడగడా చదివి ఆమె చేత వేలిముద్ర వేయించాను. ఆమెకు అది ఎక్కలేదని అప్పుడు అర్థమైంది. చెప్పాల్సిన నిమిషం అదే.

"వస్తాది పెద్దమ్మా" అన్నాను.

ఆమె కొంగు సర్దుకుంది. రికార్డరు వైపు కొంచెం వంగి, పొలంలో ఉన్న మనిషిని అన్నానికి పిలిచినట్టు, ఆయన పేరు ఒక్కసారి పలికింది. పలికి, తన మాట తనే విని ఆశ్చర్యపోయింది.

"ఇంతేనా? ఇంత సులువా?" అంటూ ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది.

క్యాంటీన్లో ఆమె మాటలు మూడు ముక్కలయ్యాయి. సమాజశాస్త్రం దాన్ని ఆచారపు పెత్తనం అంది. మనస్తత్వశాస్త్రం తీరని దుఃఖం అంది. అర్థశాస్త్రం ఆ కౌంటరు దగ్గర ఎంతసేపు ఆలస్యమైందో సరిగ్గా తెలుసా అని నన్ను అడిగింది. ముగ్గురూ చెడ్డవాళ్లేం కాదు, తమకు వచ్చిన పని చేశారు. ఆమె పేరు తీసేసి పి-పదిహేడు అని పెట్టింది నేను. పి అంటే పలమనేరు. ఆయన 'పి-పదిహేడు భర్త' అయ్యాడు. పుస్తకం అచ్చయ్యాక నియమం ప్రకారం పేర్ల జాబితానూ, రికార్డింగులనూ చెరిపేయాలి. అదీ నేనే చేశాను. నిజంగానే తుడిచేయాలా అని కంప్యూటరు అడిగితే, అవునని నొక్కాను.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది. ఆమె మాటల మీద నేను చేసిన ప్రసంగాలే ఆ ఉద్యోగానికి పనికొచ్చాయి. ఎక్కడికి పోయినా "పి-పదిహేడు ఇట్లా అంటుంది" అని మొదలుపెట్టేదాన్ని, సభ నిశ్శబ్దమైపోయేది. మూడేళ్లు గడిచాక, పుస్తకం సంచిలో పెట్టుకుని పలమనేరు బస్సెక్కాను. ఈసారి నిజం చెప్పాలనే పోయాను.

ఆమె నన్ను గుర్తుపట్టింది. పుస్తకం కళ్లకద్దుకుని, పేజీలు తిప్పి నా చేతిలో పెట్టింది.

"యాడుండాది?"

లేదని చెప్పాను. మా చదువుల్లో మాట్లాడినవాళ్ల పేర్లు, వాళ్ల ఇంటివాళ్ల పేర్లు బయట పెట్టకూడదని, అది వాళ్ల మంచికేనని, ఆ రోజు నేను అబద్ధమాడానని చెప్పాను. ఆమె తిడుతుందని ఎదురుచూశాను. తిట్టుంటే బాగుండేది.

"మీకూ ఉండాదా ఆ కట్టుబాటు?" అంది. నా చేతిలో పుస్తకం మూసేసి, "పోనీ ఆ మిషన్లో నా గొంతు యినిపీ" అంది.

అదీ లేదన్నాను.

ఆమె లేచి ఆవుకు గడ్డి వేసి వచ్చింది. "కూతురు నాయనా అనేది. ఊరంతా మామా, అన్నా అనిరి. నేనేమో ఆ ఒక్కసారే. ఆ పేరు పలికేవాళ్లే లేరు పాపా. పుస్తకంలో ల్యాకపోతే పోనీ. నువ్వన్నా ఒకసారి చెప్పు, యింటాను."

నేను నోరు తెరిచాను. పి-పదిహేడు అని వచ్చింది నాలుక మీదికి. దాని వెనకాల ఇంకేమీ లేదు. ఆ అరుగు గుర్తుంది, చిక్కుడుకాయలు గుర్తున్నాయి, ఆమె కొంగు సర్దుకోవడం గుర్తుంది. ఆమె చెప్పిన ప్రతి మాటా గుర్తుంది. ఆయన పేరు గుర్తులేదు.

నా కళ్లలో నీళ్లు చూసింది ఆమె. తర్వాత నా చేతి మీద చెయ్యేసింది.

"నీకూ నోరు రాలేదా? పోనీలే, ఏడ్సబాకు. నాకూ ఆ పొద్దు ఇంతే. నోట్లోనే ఉంటాది, రాదు."

నా నోట్లో ఏమీ లేదని ఆమెకు చెప్పలేదు. ఆమె ఇచ్చిన కాఫీ తాగి, బస్సెక్కి వచ్చేశాను.