మధ్యల స్టేజీ లేదు

కండక్టర్ అంబదాస్ రిటైరై నాలుగేళ్లయినా, నారాయణఖేడ్ బస్టాండులో పొద్దున ఎనిమిదింటికల్లా హాజరవుతాడు. చెవి మీద పెన్ను, జేబులో విజిల్, ఈమధ్య కొత్తగా చంకలో దవాఖాన కవరు. కంగ్టి బస్సు కదిలితే అసలు కండక్టరు కంటే ముందే "రైట్, రైట్" అనేది ఈయనే. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో స్టేజీ దగ్గర తప్ప ఎక్కడా బస్సు ఆపించలేదు. నెత్తిన మూటతో ముసలవ్వలు తమ చేను కాడ దింపమని మొక్కినా, "మధ్యల స్టేజీ లేదు" అని కిలోమీటరు అవతల దింపేవాడు. దాన్ని ఆయన నిజాయితీ అనుకునేవాడు. అవ్వలు ఏమనుకునేవారో బస్సు చప్పుడులో వినపడేది కాదు.

మొన్న ఆయన పొట్టలో క్యాన్సరు గడ్డ బయటపడింది. ఆపరేషనుకు ముందు అది ఎంతదూరం పాకిందో చూడాలని హైదరాబాద్‌లో సీటీ స్కాన్ తీశారు.

"ఏ స్టేజీ సారూ?" అంబదాస్ చెవి మీది పెన్ను తీశాడు.

"రెండుకు, మూడుకు మధ్యల ఉన్నట్టుంది. కాలేయం దాకా పోలేదు. కోసి చూస్తేగాని పక్కా చెప్పలేం" అన్నాడు డాక్టరు.

"మధ్యల స్టేజీ ఉండదు సారూ! రెండన్న రాయుండ్రి, మూడన్న రాయుండ్రి."

పక్కనే ఉన్న భార్య నీలమ్మ ఆ పెన్ను గుంజుకుంది.

"జర సప్పుడు జెయ్యకు. ముసలోళ్లు మొక్కినా నువ్వు మధ్యల ఆపకపోతివి. గీ గడ్డ మొక్కకుండనే ఆగింది. దండం పెట్టు."