చెరొక తాళం

నా చిన్నప్పుడు, గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాతి రోజుల్లో, మా తాతయ్య లైన్లలోని, అంటే గని కూలీల ఇళ్ళ వరసల్లోని, బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయించేవాడు. గనిలో దిగేది బతుకుకు, డ్రమ్ము పండగలకు. డ్రమ్ముతో పాటు మోగించే ఇత్తడి తాళాలు రెండు మా ఇంట్లోనే గోనెసంచిలో ఉండేవి. ఒక్కొక్కటి అన్నం పళ్ళెమంత వెడల్పు, నడుమ బొడిపె, పట్టుకోవడానికి తోలుపట్టీ. దొరల క్లబ్బు నుంచి చేతులు మారి వచ్చినవట. కిలుం పట్టి నల్లబడిపోయాయి.

ఆ ఏడు వినాయకుని ఊరేగింపు నాడు తాళాలు వాయించే మనిషికి షిఫ్టు పడింది. "ఇద్దురూ చెరొకటి తోమండి. ఎవురిది బాగా మెరిస్తే ఈ పొద్దు వాయించేది వాళ్ళే" అన్నాడు తాతయ్య. ఇద్దరమంటే నేనూ, నంగలి నుంచి వచ్చిన మా అత్త కూతురూ.

ఆమె నాకన్నా ఏడాది పెద్ద. వచ్చిన రోజు నుంచీ మనసులో కొలుస్తూనే ఉన్నాను. ఆమె జడ నా జడకన్నా జానెడు పొడవు. అవ్వ ఆమెకు పెట్టే సంగటి ముద్ద నా ముద్దకన్నా పెద్దది. తాతయ్య పక్కన కూర్చునే చోటు కూడా ఆమెదే అయిపోయింది. తాళాలైనా నాకే దక్కాలనుకున్నాను.

చింతపండు, పొయ్యిబూడిద తెచ్చుకుని వాకిట్లో కూర్చున్నాం. ఎంత అయిందో, ఎంత మిగిలిందో తెలియాలని నేను బొగ్గుతో నా తాళాన్ని ఎనిమిది భాగాలుగా గీసి, ఒక్కో భాగమే తోమసాగాను. ఆమె గీతలేమీ గీయలేదు. రాగులు విసిరే రాయి తిప్పినట్టు చెయ్యి గుండ్రంగా తిప్పుకుంటూ పోయింది. నాది సగం కాకముందే ఆమె తాళంలో ముఖం కనబడింది.

"ఏం మే, తాళం తోముతా ఉండావా, చేనికి గట్లు ఏస్తా ఉండావా?" అని నవ్వింది.

"మీ ఊరి మాదిరి గాదు. ఈడ అన్నీ లెక్కగా చేస్తాము" అన్నాను. కళ్ళు మండాయి, బూడిద వల్ల కాదు.

చివరికి నాదీ మెరిసింది గానీ భాగానికీ భాగానికీ మధ్య నల్లటి చారలు మిగిలాయి. తాతయ్య రెండింటినీ ఎండకు పట్టి చూశాడు. ఆయన చెప్పేలోగా నేనే, "ఆ యమ్మికే ఇచ్చేయి తాతా. ఇంగ నేను రానే రాను" అన్నాను.

ఎవరు గెలిచారో తాతయ్య చెప్పలేదు. పట్టీలు బిగించి, చెరొక తాళం చేతికిచ్చి, మమ్మల్ని ఎదురెదురుగా నిలబెట్టి, కొట్టమన్నాడు. ఆమెకన్నా రవ్వంత కూడా తగ్గకూడదని నేను అంచుకు అంచు సరిగ్గా కలిపి కొట్టాను. టప్పుమంది. నడుమ గాలి చిక్కుకుని రెండూ అతుక్కున్నాయి. మళ్ళీ కొట్టాం. మళ్ళీ అంతే.

"ఏందప్పా అది, చెప్పులతో కొట్టుకుంటా ఉండారా?" అని అవ్వ లోపల్నుంచి అరిచింది. అత్త కూతురు పకపకా నవ్వింది. నేను నవ్వలేదు.

తాతయ్య నా మణికట్టు పట్టుకుని కాస్త వంచాడు. "సమానంగా కలిస్తే మోగవమ్మా. ఒగదాని అంచు ముందర తగలాల, ఇంగొగటి ఎనకాల రావాల. గాలి పోయేదానికి సందు ఉండాల."

"ముందర ఎవురిది తాతా?" వెంటనే అడిగాను.

"ఒగసారి దానిది, ఒగసారి నీది."

ఈసారి లైనంతా మోగింది. ఆ సాయంత్రం డ్రమ్ము ముందు ఇద్దరమూ ఎదురెదురుగా, పక్కవాటుగా అడుగులేస్తూ వాయించాం. నా తాళం మీది చారలు ఎవరూ చూడలేదు. నాకు మాత్రం కనబడుతూనే ఉన్నాయి.

ఇప్పుడు మా లైన్లలో కొలతలైనా పంపకాలైనా నన్నే పిలుస్తారు. బడిలో చెప్పించుకున్న లెక్క కాదు, నాకు నేను నేర్చుకున్నది. అయినా ఆమె మామిడితోట విరగకాసిందనో, కొత్త ఇల్లు కట్టిందనో కబురొస్తే, నా మనసు మొదట కొలవడానికే పోతుంది. అసూయ పోయిందని చెప్పను. అప్పుడు అరచేతులు రెండూ దగ్గరికి తెచ్చి ఒకదాన్ని కాస్త వాలుస్తాను. ఈసారి ముందర తగిలింది ఆమె అంచు, అంతే అనుకుని ఆమెకు ఫోను చేస్తాను.