కటింగ్ షాపాయన విమానం

కటింగ్ షాపాయనకి కుడిచెయ్యి వణకడం మొదలై ఆరు నెలలైంది. ఒక ముసలాయన చెవి దగ్గర తెగిన రోజున, భార్య కత్తిని డ్రాయరులో పెట్టి తాళం వేసేసింది.

"నా చేతికేం రోగం? ఆయనే తల కదిపాడు!" అని ఈయన ఇంతెత్తున లేచాడు.

అటక మీద తమ్ముడు వదిలేసిన, రిమోట్‌తో ఎగిరే బొమ్మ విమానం ఉంది. దాన్ని దించి, ఉబ్బిన బ్యాటరీ మార్చి, విరిగిన రెక్క అతికించాడు. "దీన్ని నడపడం నేర్చుకుని తిన్నగా ఎగరేస్తే తాళంచెవి ఇచ్చేస్తావా?"

"ఇస్తాలెండి."

మైదానంలో విమానం లేచింది. అది ఎదురొచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారై కొత్తవాళ్లు కూల్చేస్తారట. ముప్పై ఏళ్లు అద్దంలో చూస్తూ కత్తెర ఆడించిన మనిషికి అదో లెక్కా! అవలీలగా తిప్పి, "చూశావా!" అని అరిచాడు.

ఆమె చూసింది. పైన రెక్కలు సన్నగా, ఆగకుండా వణుకుతున్నాయి. అప్పుడు ఆయనా చూశాడు. రిమోట్ మీది పుల్లని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. రెక్కలు ఇంకా వణికాయి.

"గాలి బాగా ఉందండీ ఇవాళ" అంది ఆమె మెల్లగా.

మైదానంలో ఒక్క గడ్డిపరక కూడా కదలడం లేదు.