మిద్దె అన్న మాట

ఇది పోయిన ఏడాదే రాయాల్సింది. అక్షరాలు రాక ఆగలేదు. యాభై దాటాక, మా పొదుపు సంఘంలో ఒక టీచరమ్మ దగ్గర, చెనక్కాయలు ఒలిచి మొద్దుబారిన వేళ్లతోనే దిద్ది నేర్చుకున్నాను. కానీ ఆఫీసు కాగితం మీద నేను పెట్టిన మొదటి సంతకం ఎలాంటి మాట కింద పెట్టానో గుర్తొచ్చినప్పుడల్లా పెన్ను పక్కన పెట్టేసేదాన్ని.

మాది మడకశిర వైపు ఒక చిన్న టౌను. ఇంటికి రాతి గోడలు, పైన దూలాలు, వాటి మీద దంతెలని అడ్డంగా పరిచిన సన్న కర్రలు, ఆ పైన మట్టి. కప్పు నడుమ వెలుతురు కోసం వదిలిన సందు, గవాక్షి. దాన్ని మేము మిద్దె అంటాం. మా నాయన ఇల్లూ మిద్దే, మా అత్తగారి ఇల్లూ మిద్దే. సిమెంటుతో కట్టినదైతే స్లాబు ఇల్లు అంటాం. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు ఉంటారని మాకు తెలియదు.

ఇంటి పన్ను కోసం ఇళ్లు రాసుకుంటూ ఒకాయన వచ్చాడు. మాట తీరు చూస్తే కోస్తా మనిషి. మా ఆయన అప్పటికే జబ్బుతో వాకిట్లో మంచం మీద ఉన్నారు.

"ఇల్లు ఏ రకమండీ?" అన్నాడు ఫోను చూస్తూ.

"మిద్దె అప్పా," అన్నారు మా ఆయన.

"మిద్దేనా? బయటికి అలా కనిపించట్లేదే."

"పాతకాలం మిద్దె. లోపలికి రాప్పా, చూద్దువు. కాఫీ తాగి పోదువు."

"ఇంకా చాలా ఇళ్లున్నాయండీ," అని ఏదో నొక్కుకుని వెళ్లిపోయాడు.

"పాపం, కాఫీకి కూడా తీరిక లేదు," అని మా ఆయన నవ్వారు. చలికాలం దాటకుండానే ఆయన పోయారు.

ఆ తర్వాత నోటీసు వచ్చింది. కూడబలుక్కుని నేనే చదివాను. స్లాబు భవనం అని ఉంది. పన్ను అంతకుముందు కట్టేదానికి ఎన్నో రెట్లు. అది నిలబడితే నా కూలి అంతా దానికే పోతుంది, ఇల్లు అమ్ముకోక తప్పదు. ఎదురింటి వదిన ఊరుకుంటుందా?

"ఏం వదినా, మేడలో ఉండే దొరసానివి అయినావంట! ఇంక మాతో యాడ మాట్లాడతావు?"

నేనూ నవ్వాను. నవ్వి, అర్జీ రాశాను. విచారణకు ఒక ఆఫీసరమ్మ వచ్చింది, అదీ అర్జీలు తేల్చే గడువు ముగిసే రోజున. లోపలికి అడుగుపెట్టి తల ఎత్తగానే దంతెల సందు నుంచి మన్ను రాలి ఆమె జుట్టులో పడింది.

"ఇది మట్టి కదమ్మా!"

"మట్టి మిద్దెమ్మా. ఇంకేమనుకుంటిరి?"

"మా వైపు మిద్దె అంటే సిమెంటుదే. అందుకే అలా రాసి ఉంటారు." జుట్టు దులుపుకుంటూ మంచిగానే నవ్వింది. నా గుండెల మీద బరువు దిగినట్టయింది. కానీ ఆమె తన ఫోను తీసి కాసేపు చూసి, తల ఎత్తకుండా అంది:

"మార్చడానికి కారణం పెట్టాలమ్మా. ఇందులో రెండే ఉన్నాయి. సిబ్బంది పొరపాటు అని పెడితే అతన్ని పిలిపించాలి, విచారణ జరగాలి, మీ గడువు దాటిపోతుంది. యజమాని తప్పు చెప్పారని పెడితే ఈరోజే అయిపోతుంది."

"మా ఆయన తప్పు చెప్పలేదమ్మా. మిద్దెను మిద్దె అనే చెప్పినాడు. లోపలికి రమ్మని కూడా పిలిచినాడు."

"నాకు అర్థమైందమ్మా. కానీ ఆయన లేరు కదా. ఇప్పుడు ఆయన్ని ఎవరూ ఏమీ అనరు."

కుంటే గొర్రెను అమ్మేటప్పుడు ముందు కుంటుతుందని చెప్పి, ఆ తర్వాతే ధర చెప్పే మనిషి ఆయన. సంతలో అందరూ ఎగతాళి చేసినా అంతే.

సాయంత్రం ఆఫీసులో కాగితం నా ముందు పెట్టారు. వేలిముద్ర వేసే రోజుల్లో అయితే ఏం రాశారో తెలియకుండానే ఇంటికి వచ్చేదాన్ని. ఇప్పుడు కళ్లు ఆగవు. యజమాని తప్పుడు సమాచారం ఇచ్చినందున, అని ఉంది. 'తప్పుడు' దగ్గర ఆగిపోయాను. వెనక వరసలో ఎవరో "కానీయమ్మా, బస్సు పోతాది" అన్నారు. దాని కింద నా పేరు రాశాను. వంకర లేకుండా వచ్చింది. టీచరమ్మ చూసి ఉంటే మెచ్చుకునేది.

పన్ను తగ్గింది. ఇల్లు నిలిచింది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు. ఆయన మంచం వేసుకునే చోట కూర్చుని దంతెలు చూస్తూ ఉండిపోయాను.

మరుసటి రోజు పొద్దున్నే గంప తీసుకుని వంక గట్టుకు పోయి చౌడు మన్ను తవ్వి తెచ్చాను. వానలకు ముందు అది పైన పరిస్తే నీళ్లు కారవు. ప్రతి ఏడూ ఆ పని ఆయనదే. నిచ్చెన ఎక్కుతుంటే ఎదురింటి వదిన బయటికి వచ్చింది.

"పడతావు వదినా! పైన ఏం చేస్తాండావు?"

"మిద్దెకు చౌడు పోస్తాండా."

వదిన వచ్చి నిచ్చెన పట్టుకుంది. ఆయన ఎప్పుడూ గవాక్షి దగ్గర నుంచే మొదలుపెట్టేవారు. నేనూ అక్కడే గంప దించి, మన్ను పోసి, చేత్తో అదుముకుంటూ వచ్చాను.