బంద్ రోజు రాసిన లైను

రేణుకను పనిలోంచి తీసేశారన్న వార్త నాకు మొదట తెచ్చింది మా కింది వాటా పిన్నిగారు. పూజకని ఆ రోజు సెలవు పెట్టాను. రేణుక గుడి దగ్గర ఏడుస్తూ కనబడిందట. తెలంగాణ ఊరేగింపులకు తిరిగి ఉద్యోగం పోగొట్టుకుందని ఆవిడ జాలిపడ్డారు. అవునన్నట్టు తలూపాను. అలా తలూపిన బరువు ఆనాటి నుంచి దిగలేదు. దేవుడికి రోజూ చెబుతూనే ఉన్నాను, కానీ ఆయనకు ముందే తెలుసు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను బడికి వెళ్లలేదు. నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు, ఆయన రుణం తీర్చుకోలేనిది. దిల్‌సుఖ్‌నగర్ సందులో, చిన్న సర్వే ఆఫీసులో చేరాక కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ రాయడం నేర్పింది రేణుక. నల్గొండ పిల్ల, నాకంటే చిన్నది. టిఫిన్ డబ్బాలో సగం నాకే పెట్టేది.

తెలంగాణ కోసం బంద్‌లు జరుగుతున్న రోజులవి. ఒక బంద్ రోజు, సగం చేసిన పని నాకప్పగించి ఎల్బీనగర్ ధర్నాకు వెళ్లింది. సర్వేలో ఎంతమందిని అడగాలో తేల్చుకోవడానికి ముందుగా కల్పిత మనుషులతో డేటా తయారుచేసేవాళ్లం. ఆసుపత్రికి చేరడానికి పట్నంవాళ్లకు తక్కువ సమయం, పల్లెవాళ్లకు ఎక్కువ. ఒక్కొక్కరినీ విడిగా చూసి ఆ సమయం ఇవ్వాలంటే ‘ఇఫ్‌ఎల్స్’ అనే ఆదేశం రాయాలని రేణుక చెప్పే ఉంది. సగం దించిన షట్టర్ వెనక, తొందరలో, ఉత్త ‘ఇఫ్’ రాశాను. కంప్యూటర్ మొదటి మనిషినొక్కణ్ణే చూసింది. అతను పట్నంవాడు. అందరికీ పట్నం సమయమే ఇచ్చేసింది. ఎర్రటి అక్షరాలతో హెచ్చరిక వచ్చింది. చూశాను. ఫలితం వచ్చింది కదా అని ఊరుకున్నాను.

మనుషుల మధ్య తేడాయే లేనట్టు కనబడి, కొద్దిమందిని అడిగితే చాలని తేలింది. పల్లెలన్నీ తిరిగొచ్చాక, అడిగినవాళ్లు మరీ తక్కువై ఆ సర్వే ఎందుకూ పనికిరాలేదు. ఫైలు తీసి చూస్తే ఆ తప్పు లైను బయటపడింది, ఫైలు మీద రేణుక పేరుంది. ధర్నాల ధ్యాసలో పాడుచేసిందని ఆఫీసు నడిపే సారు తీర్మానించారు. ఆయనా మా కోస్తావైపు వారే, నన్ను అనుమానించనైనా లేదు. ఆ అండ చూసుకునే నోరు మెదపలేదా? లేక భయమా? ఇప్పటికీ తేల్చుకోలేను.

తీసేయడానికి ముందురోజు రేణుక నా కుర్చీ దగ్గరకొచ్చింది. “అక్కా, గా లైను నేను రాసిన్నా? నాకైతే యాదికి లేదు.”

“నేను చూడలేదమ్మా.”

“పోనీ తియ్ అక్కా. పరేషాన్‌ల నేనే రాసిన కావచ్చు.”

నిజంగా నమ్మిందా, నన్ను కాపాడిందా? పని నాకప్పగించానని సారుతో ఒక్క మాటైనా అనలేదు.

ఇప్పుడెక్కడుందో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది ఆమె చేతిలో ఉంది. చెప్పాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. మీరు దీపం పెట్టుకునేటప్పుడు రేణుకను ఒక్కసారి తలుచుకోండి. ఆ లైను ఆమె రాయలేదు.