ఓబుళమ్మ చేలో నిలిచిన నీళ్లు

నాలుగు రోజుల ముసురు తర్వాత పెరట్లో వాడిపోయిన వంగమొక్కను పెరికితే, నల్లబడిన వేళ్ల నుంచి కుళ్లు వాసన వచ్చింది. కళ్లు మూసుకున్నాను. జమ్మలమడుగు పక్కన నల్లరేగడి చేలు, వాటిలో నిలిచిన నీళ్లు, ఆ నీళ్లలో నెమ్మదిగా కదిలే మబ్బులు, మోకాళ్ల దాకా బురదతో ఓబుళమ్మ.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను ఆ ఊళ్లకు గ్రామసేవకుడిగా వెళ్లాను. రైతులకు వ్యవసాయం చెప్పడం నా పని. నాకు తెలిసిందంతా పుస్తకాల్లోదే. ఓబుళమ్మ భర్త పోయాక నాలుగెకరాల జొన్నచేను ఒంటిచేత్తో చేసుకుంటున్న మనిషి. ఆ ఏడు ముసురుకు పైరు పసుపుబారింది. నేను గట్టు మీద నుంచే చెప్పాను: "సత్తువ తగ్గిందమ్మా. అమోనియా ఎరువు చల్లు."

చల్లింది. వారానికి పైరు ఇంకా పాలిపోయింది. మళ్లీ వెళ్లినప్పుడు తిడుతుందనుకున్నాను. "చెప్పులిడిసి దిగప్పా," అంది. దిగాను. పాదాల కింద నేల చల్లగా, కలలో నడుస్తున్నట్టు జారిపోతోంది. ఆమె ఒక మొక్క పెరికి దాని వేళ్లు నా ముక్కు దగ్గర పెట్టింది.

"వాసన సూడు. ఏరుకు ఊపిరాడక సస్తాంటే, తిండి పెడితే యాడ తింటాది?"

"తప్పు నాదేనమ్మా. ఇప్పుడేం చేయాలో నాకు తెలియదు," అన్నాను.

ఆమె నవ్వింది. "ఇంగ మాట్లాడుకోవచ్చు."

నిలిచిన నీళ్లను కాలువ తీసి వంకలోకి వదలాలంది. అందుకు దిగువనున్న కాశీం సాహెబు పత్తిచేను దాటాలి. ఆయన మొదట ఒప్పుకోలేదు.

"నీ నీళ్లు నా మీదికి ఇడిస్తే నా పత్తి ఏం గావాలక్కా?"

"ఇడిసేది గాదన్నా, నీ చేన్లో నీళ్లు గూడా తీస్కపోయేది. గట్టెమ్మడి కాలవ లోతుగా తీస్తా. నీకు నష్టమైతే నేనే పూడుస్తా."

ఆయన వెళ్లి పార తెచ్చాడు.

ముగ్గురం రెండు రోజులు తవ్వాం. చివరి అడ్డు తెగ్గొట్టగానే నీళ్లు, ఆకాశాన్నంతా వెంట తీసుకుపోతున్నట్టు, మెల్లగా కదిలాయి. నేల ఆరాక మెరకనున్న రెండెకరాలు కొత్త ఆకు వేశాయి. కాశీం సాహెబు పత్తి కూడా తేరుకుంది. పల్లంలోని రెండెకరాలు మాత్రం దక్కలేదు. ఆ చచ్చిన పైరును కోస్తూ కూడా ఆమె నన్నొక మాట అనలేదు. మరుసటేడు విత్తకముందే కాలువలు తీయడానికి పూనుకుని, చేనంతా నాతో తిరిగి, "వాలు ఎటుందంటావప్పా?" అని నన్నే అడిగింది.

తర్వాత ప్రొద్దుటూరు, పులివెందుల వైపు ఎన్నో చేలు తిరిగాను. రైతు అడగగానే జవాబు నాలుక మీదికి వచ్చేసేది. ప్రతిసారీ పల్లంలోని ఆ రెండెకరాలు అడ్డం వచ్చేవి; చెప్పులు విడిచి చేలోకి దిగి చూశాకే నోరు విప్పేవాణ్ని. వాటి బాధ నన్ను ఇన్నేళ్లూ వదల్లేదు, వదలకపోవడమే మంచిదయింది.